పుస్తకమునకు తగిన జిగురు

తాటాకు గ్రంథమునకు జిగురుతో పని లేదు. ఆకులకు రంధ్రములు చేసి, త్రాడు దూర్చి, పైన క్రింద రెండు చెక్కపలకలు పెట్టి కట్టినచో గ్రంథము సిద్ధమైనట్లే. త్రాడు విప్పినచో ఆకులు విడివడును; మరల కట్టినచో ఒకటగును. వందల యేండ్లు మన పెద్దలు కావ్యములను, శాస్త్రములను ఈ పద్ధతిలోనే కాపాడుకొనిరి. కాగితము వచ్చి, అచ్చు వచ్చిన పిమ్మట పుస్తకపు రూపము మారినది. మడచిన కాగితములు, కుట్టు, అట్ట, గుడ్డ, ఇన్నింటిని ఒకటిగా చేయుటకు జిగురు కావలసివచ్చినది.

జిగురు పుస్తకములో కనబడని వస్తువు. అట్ట బాగున్నదని, దానిమీది అక్షరములు బాగున్నవని మెచ్చుకొందుము గాని, లోపల నున్న జిగురును తలచువారు లేరు. అయినను ఇంటిలోని పాత పుస్తకమును స్వయముగా బాగుచేసికొనగోరు వారికి మొట్టమొదట ఎదురగు ప్రశ్న ఇదియే: ఏ జిగురు వాడవలెను? అంగడిలో అడిగినచో, అన్నిటికంటె గట్టిది ఇదేయని ఒక డబ్బా చేతిలో పెట్టుదురు. కాని పుస్తకము విషయములో అన్నిటికంటె గట్టి జిగురు అన్నిటికంటె మంచి జిగురు కాదు. ఈ ప్రసంగములో మేము మనవి చేయదలచిన ముఖ్యమైన సంగతి ఇదియే.

మేమెరిగిన ఒక ఇంటిలో భారతపు సంపుటము ఒకటి ఉండెడిది. దాని అట్ట లోపలి కాగితముమీద తాతగారు తమ బిడ్డలు పుట్టిన తిథులు, నక్షత్రములు, ఘడియలతో సహా వ్రాసి పెట్టిరి. వెన్ను ఊడినదని ఆ పుస్తకమును బైండింగునకు ఇచ్చిరి. పని చేసినవారు చిక్కని జిగురు దట్టముగా పూసి, ఆ వ్రాతమీదనే క్రొత్తకాగితము అతికించి, క్రొత్త అట్ట వేసి, చూడముచ్చటగా తిరిగి యిచ్చిరి. తాతగారి వ్రాత క్రొత్తకాగితము క్రిందికి పోయినది. దానిని లేవనెత్త ప్రయత్నించిన కొలది క్రిందికాగితము కూడ ముక్కలు ముక్కలుగా లేచివచ్చినది. జిగురు గెలిచినది, పుస్తకము ఓడినది. అదే పిండిజిగురు పలుచగా పూసి యుండినచో, కొంచెము తేమతోను, మరికొంచెము ఓపికతోను ఆ అక్షరములు తిరిగి వెలుగు చూచుటకు అవకాశముండెడిది.

పాత ధోవతికి గోనెపట్టతో మాసిక వేసినచో ఏమగును? మాసిక చెక్కుచెదరదు, దానిచుట్టు నున్న ధోవతి చిరుగును. కాగితము సంగతియు నంతే. అతుకు కాగితముకంటె బలమైనదైనచో, పుస్తకము తెరచినప్పుడెల్ల ఆ ఒత్తిడి అతుకు ప్రక్కనున్న కాగితముమీద పడి, అక్కడ క్రొత్తచిరుగు పుట్టును. కావున జిగురుకు రెండు గుణములు కావలెను: అది కాగితముకంటె కొంచెము బలహీనముగా నుండవలెను, అవసరమైనప్పుడు కాగితమునకు హాని లేకుండ విడివడవలెను.

బలహీనమైన జిగురుతో పుస్తకము నిలుచునా యని సందేహము కలుగవచ్చును. పుస్తకమును నిలుపునది కుట్టు; జిగురు కాదు. పెద్ద కాగితమును మడచి చేసిన ఒక్కొక్క ఫారమును మడతవద్ద దారముతో కుట్టి, ఫారమునకు ఫారమునకు ముడివేయుదురు. బరువు మోయునది ఆ దారమే. ఫారములు అటునిటు జరుగకుండ వెన్నును పట్టి ఉంచుట, గుడ్డను అట్టకు అంటించుట, లోకాగితమును అట్టలోపల పరచుట, ఇంతవరకే జిగురు పని. ఈ పనికి మితమైన బలము చాలును. కుట్టు చెడిన పుస్తకమునకు ఎంత జిగురు పోసినను ప్రయోజనము లేదు. ముందు దబ్బనము, దారము తీసికొనవలెను, పిమ్మట కుంచె.

ఇక మన చుట్టునున్న జిగురులను ఒక్కొక్కటిగా పరీక్షింతము. అన్నపు మెతుకుతో కవరు అంటించుట ఎరుగనివారు లేరు. అది అప్పటి అవసరమునకు చాలును గాని, ఎండినపిదప పెళుసై రాలిపోవును. చింతగింజల పిండితో చేసిన జిగురు మంచి పట్టు గలది. కొండపల్లి బొమ్మల పనివారు ఆ పిండిని రంపపుపొట్టుతో కలిపి “మక్కు” చేసి, బొమ్మల అవయవములను అతికింతురు. కొయ్యకు అది తగును. పలుచని కాగితమునకు మిక్కిలి మోటు. తుమ్మబంక నీటిలో తేలికగా కరగును గాని, ఆరినపిమ్మట గాజువలె పెళుసగును. చీటీలు, తపాలాబిళ్ళలు అంటించుటకు అది చాలును. తెరచినప్పుడెల్ల వంగుచుండు పుస్తకపు వెన్నుకు పనికిరాదు.

పశువుల తోళ్ళను, ఎముకలను ఉడికించి తీయు జిగురు మరియొకటి కలదు. పూర్వము వడ్రంగులు, బైండింగు పనివారు దీనిని ఎక్కువగా వాడిరి. దానిని ముందు నీటిలో నానబెట్టి, ఆ గిన్నెను వేడినీటి గిన్నెలో నుంచి కరగింతురు. నేరుగా నిప్పుమీద పెట్టి మరగించినచో దాని సత్తువ నశించును. వేడిగా పూసిన ఈ జిగురు చల్లారుచుండగనే పట్టుకొనును గనుక పని త్వరగా సాగును. వేడితేమ తగిలినచో మరల విడివడును. ఇది గొప్ప గుణమే. కాని యేండ్లు గడచినకొలది, ముఖ్యముగా పొడిగాలిలో, అది ఎండి పగులును. పాత పుస్తకపు వెన్ను విప్పినప్పుడు ముదురుపాకపు పెచ్చులవలె గోధుమరంగులో రాలునది ఈ జిగురే.

నేడు ఇంటింటను కనబడునది పాలవంటి తెల్లజిగురు. మన దేశములో 1959లో ఫెవికాల్ అను పేర బజారులోనికి వచ్చిన జిగురు ఈ జాతిలోనిదే. పాలివినైల్ ఎసిటేట్ అను పదార్థపు సన్నని కణములు నీటిలో తేలుచుండుటవలన దీనికి ఆ తెలుపు వచ్చినది. నీరు ఆరిపోగానే ఆ కణములు ఒకటితో నొకటి కలిసి పొరగా ఏర్పడును. వండవలసిన పని లేదు, బూజు భయము తక్కువ, త్వరగా పట్టును, పట్టు మిక్కుటము. కాని ఒకసారి ఎండిన పొరను నీరు మరల కరిగింపలేదు. అతికించుట మన చేతిలోనిది. విప్పుట మన చేతిలో నుండదు. అంతేగాక, వడ్రంగము కొరకు చేసిన తెల్లజిగురును, పుస్తకముల కొరకు చేసినదానిని ఒకటిగా తలపరాదు. మొదటిది కాలక్రమమున బిరుసెక్కవచ్చును, ఆమ్లగుణము కూడ కలిగియుండవచ్చును. పుస్తకముల కొరకు చేసినది ఆరిన పిమ్మటకూడ వంగును. ఆమ్లము లేని రకము దొరకును. కొనునపుడు ఈ భేదమును అడిగి తెలిసికొనుట మంచిది.

ఇన్నింటిని చూచిన పిమ్మట ఇంటిలో పాతపుస్తకమును బాగుచేయువారికి మేము చెప్పదగినది పిండిజిగురే. మైదాతో చేసినది సాధారణమైన పనులకు చాలును. మరింత శ్రేష్ఠమైనది కావలెనన్నచో పిండినుండి గంజిపదార్థమును మాత్రము వేరుచేయవలెను. ఇందుకు క్రొత్తవిద్య నేర్వనక్కరలేదు. గోధుమపిండిని ముద్దగా కలిపి, నీటిలో పిసికినచో తెల్లని పాలు దిగును; సాగెడు బంకముద్ద చేతిలో మిగులును. మాడుగుల హల్వాకు ఆధారమైన గోధుమపాలు ఇవియే. ఆ పాలను కదల్చక ఉంచి, పైనీరు వంచివేసినచో అడుగున మిగులు తెల్లని పిండియే పుస్తకములకు ఉత్తమమైన జిగురునకు మూలము. జపాను దేశమున చిత్రపటములను, గ్రంథములను బాగుచేయు నిపుణులు తరతరములుగా గోధుమగంజి జిగురునే నమ్ముకొనియున్నారు. చుట్టిపెట్టు చిత్రపటముల కొరకు దానిని జాడీలలో నుంచి, పదేండ్ల వరకు కూడ మాగబెట్టుదురు. కాలము గడచినకొలది దాని పట్టు తగ్గి మెత్తదనము హెచ్చును. వారికి కావలసినదియు నదియే.

చేయు విధానము సులభము. ఒక చిన్నగిన్నెడు మైదాకు 5 గిన్నెల నీరు కొలుచుకొనవలెను. ముందు కొంచెము చన్నీటితో పిండిని ఉండలు లేకుండ కలిపి, తక్కిన నీరు చేర్చి, సన్నని సెగమీద పెట్టి, చెక్కగరిటెతో ఎడతెగకుండ త్రిప్పవలెను. మొదట సున్నపునీటివలె తెల్లగానున్నది క్రమముగా చిక్కబడి, తెలుపు తగ్గి, నిగనిగలాడును. చిక్కబడగనే దింపుట పొరపాటు. మరి 15, 20 నిమిషములు ఉడికిన పిమ్మటనే పట్టు కుదురును. దింపి, పైన మీగడవలె తెట్టు కట్టకుండ కలుపుచు చల్లార్చి, పలుచని గుడ్డలో వడకట్టవలెను. గుడ్డను అట్టకు అంటించుటకు చిక్కని పెరుగువలె నున్న జిగురు కావలెను; పలుచని కాగితమునకు మజ్జిగవలె నీరు కలిపి పలుచన చేసికొనవలెను. రెండుమూడు దినములకు సరిపడునంత మాత్రమే చేసికొనుట మేలు. పులిసిన వాసన వచ్చినచో పారవేయవలెను.

ఇచ్చట మైలుతుత్తపు ప్రసక్తి వచ్చును. పిండిజిగురునకు చెదలు, రామబాణపు పురుగులు పట్టునని, దానిలో కొంచెము మైలుతుత్తము కలుపుట మన బైండింగు పనివారి పాత అలవాటు. పురుగుల విషయములో వారి భయము నిజమైనదే. కాని మైలుతుత్తములో రాగి యున్నది. ఆ రాగి కాలక్రమమున కాగితపు నారను త్వరగా క్షీణింపజేయును. పైగా అది విషము. పిల్లలు ముట్టు పుస్తకములలో దానికి చోటు ఉండరాదు. పటిక కలుపుటయు మంచిది కాదు. అది కాగితములో ఆమ్లగుణమును పెంచును. పురుగునకు నిజమైన విరుగుడు పలుచని పూత, సంపూర్ణముగా ఆరుట, ఆపైన గాలి తగులు చోట పుస్తకమును ఉంచి అప్పుడప్పుడు తెరచి చూచుట. తెరవని పుస్తకమునే పురుగు వెదకికొని వచ్చును.

పూయుటకు ముందు కాగితము స్వభావము తెలిసికొనవలెను. యంత్రముమీద తయారైన కాగితములోని నారలు చాలవరకు ఒకే దిక్కునకు పరచుకొనియుండును. తడి తగిలినప్పుడు నార పొడవున పెరుగుట స్వల్పము. అడ్డముగా ఉబ్బుట అధికము. చిన్న కాగితపు ముక్కను ఒకవైపు తడిపి చూడుడు. అది గొట్టమువలె చుట్టుకొనును. ఆ గొట్టము పొడవు ఏ దిక్కున నుండునో నారలు ఆ దిక్కుననే యున్నవని గుర్తు. అట్టకు, లోకాగితమునకు, పుస్తకపు పుటలకు నారలు వెన్ను వెంట నిలువుగా నుండవలెను. ఒకటి నిలువుగా, మరియొకటి అడ్డముగా నున్నచో, ఎంత మంచి జిగురైనను పుస్తకము అప్పడమువలె వంకరపోవును. పుటలు సాఫుగా తెరచుకొనవు. తప్పు జిగురుమీదకు పోవును. నిజమునకు తప్పు కాగితము కోతలోనిది.

ఇక పూత. అంటింపవలసిన కాగితము క్రింద చిత్తుకాగితము పరచి, కుంచెతో మధ్యనుండి అంచులకు పూయవలెను. అంచునుండి లోపలికి లాగినచో జిగురు కాగితము క్రిందికి చేరి, మంచివైపు మరక చేయును. ఒకసారి వాడిన చిత్తుకాగితమును వెంటనే తీసివేయవలెను. పూత సమముగా, పలుచగా నుండవలెను. తడి మెరుపు కనబడవలెను గాని తెల్లని చారలు కనబడరాదు. పూసిన పిమ్మట రెండుమూడు నిమిషములు ఆగినచో కాగితము నాని, పెరుగవలసినంత పెరుగును. ఆ తరువాత అతికించినచో ముడుతలు పడవు. అతికించినదానిమీద శుభ్రమైన కాగితము కప్పి, నున్నని వెదురుబద్దతో మధ్యనుండి వెలుపలికి రుద్దవలెను. తెల్లజిగురు వాడునప్పుడు మాత్రము ఇంత వ్యవధి ఉండదు. అది కుంచెమీదనే బిగియుచుండును. దానిలో కొంచెము పిండిజిగురు కలిపినచో పని నిదానించును, చేయి సర్దుకొనుటకు వ్యవధి దొరకును.

తడిసిన కాగితము ఆరునప్పుడు కుంచించుకొని అట్టను తనవైపు లాగుకొనును. అట్టకు వెలుపల గుడ్డ అంటించినచో అట్ట వెలుపలికి వంగును. లోపల కాగితము అంటించినపిదప ఆ లాగుడు సరితూగి అట్ట నిలువుగా నిలుచును. కనుకనే లోకాగితము అలంకారము మాత్రమే కాదు. దానిని అంటించిన వెంటనే పుస్తకము మూసి, తేమ లోపలి పుటలకు పాకకుండ మైనపుకాగితము పెట్టి, రెండు చెక్కల నడుమ నుంచి, బరువు పెట్టవలెను. బైండింగు ప్రెస్సు లేనివారికి సన్నికల్లు చాలును. ఎట్లున్నదో తెరచి చూడవలెనను ఆతురత ఇచ్చట అడ్డు తగులును. తడి ఆరకముందు తెరచినచో ముడుత పడును. ఆ ముడుత పుస్తకమున్నంత కాలముండును. రోహిణికార్తె ఎండలలో ఒక రాత్రికి ఆరునది, శ్రావణభాద్రపదములలో, అందును సముద్రతీరపు ఊళ్ళలో, రెండుమూడు దినములు పట్టవచ్చును. ఎండలో పెట్టి ఆరబెట్టరాదు; అట్ట వంకరపోవును.

వెన్నుమీది పని మరింత మెలకువతో చేయవలెను. కుట్టిన ఫారములను సరిగా తట్టి, చెక్కల మధ్య బిగించి, వెన్నుకు పలుచగా పిండిజిగురు పూసి, ఫారముల సందులలోనికి వ్రేలితో రుద్ది, మిగిలినదానిని తుడిచివేయవలెను. దానిమీద గాయములకు కట్టెడి గాజుగుడ్డవంటి సన్నని జాలిగుడ్డను, వెన్నుకు రెండువైపుల 2, 3 సెంటీమీటర్లు మిగులునట్లు అంటించి, ఆపైన గట్టి కాగితము వేయవలెను. మిగిలిన ఆ అంచులే అట్టలను పుస్తకముతో కలుపు కీళ్ళు.

తెల్లజిగురునకు తగిన స్థానము లేకపోలేదు. నేటి పాఠ్యపుస్తకములు, గైడ్లు అనేకము కుట్టులేక, వెన్ను కత్తిరించి, వేడిజిగురు పూసి చేసినవే. సంవత్సరము సగము గడవకముందే పుటలు రాలును. అట్టి పుస్తకమును బాగుచేయుటకు పిండిజిగురు చాలదు. అట్ట తీసి, పాత జిగురు గీకివేసి, పుటలను సరిచేసి చెక్కల నడుమ వదులుగా పట్టుకొని, పుటల వెన్ను అంచులను ఒక ప్రక్కకు విసనకఱ్ఱవలె వంచి తెల్లజిగురు పూయవలెను. మరల రెండవ ప్రక్కకు వంచి పూయవలెను. ఇట్లు చేసినచో ప్రతి పుటకును రెండువైపుల వెంట్రుకవాసి వెడల్పున జిగురు పట్టును. పిమ్మట నిలువుగా నిలిపి, జాలిగుడ్డ అంటించి, బరువు పెట్టవలెను. ఏడాదిపాటు వాడి విడుచు పుస్తకమునకు గట్టి జిగురు తప్పు కాదు. వందయేండ్లు నిలువవలసిన పుస్తకమునకు అది తప్పు.

పాతపుస్తకముల విషయములో మరియొక హెచ్చరిక. కొయ్యగుజ్జుతో చేసిన పాతకాగితము ఆమ్లమువలన పసుపెక్కి పెళుసై యుండును. దాని చిరుగులకు సెల్లోటేపు అంటించుట అందరు చేయు పనియే. కొన్ని యేండ్లకు టేపు ఊడిపోవును. దాని జిడ్డు మాత్రము కాగితములోనికి ఇంకి, చెరగని మరకగా నిలుచును. దానికి బదులు పలుచని, పొడవైన నారలు గల చేతికాగితమును తీసికొని, తడిగీత గీచి, కత్తితో కోయక చేతితో చింపవలెను. అంచున నారలు సన్నగా తేలును. వానికి పలుచని పిండిజిగురు పూసి చిరుగుమీద నుంచినచో అతుకు కాగితములో కలిసిపోవును. చేతివ్రాత ఉన్నచోట ముందుగా ఒక మూల చిన్న తడిబొట్టు పెట్టి, అద్దుడుకాగితముతో ఒత్తి చూడవలెను. సిరా చెదరినచో ఆ పుటకు తడి తగులనీయక, నిపుణులకు చూపుట ఉత్తమము.

1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1918లో వేటపాలెములో వెలసిన సారస్వత నికేతనము వంటి గ్రంథాలయములు ఎందరో దాచి యిచ్చిన పుస్తకములతో, పత్రికలతో పెరిగినవి. అట్టి చోట్లకు చేరవలసిన పుస్తకములు ఇంకను ఎన్నో మన అటకలమీద, చెక్కపెట్టెలలో ఉండవచ్చును. ఏ పుస్తకము అమూల్యమో నేడు మనము నిర్ణయింపలేము. కావున సందేహమున్నచోట తక్కువ చేయుట మంచిది: తక్కువ జిగురు, తక్కువ తడి, తక్కువ కోత. అంచులు సమముగా లేవని కత్తిరించుట అసలే వలదు. అంచులలో కూడ ఎవరో ఒకరు ఏదో ఒకటి వ్రాసియుందురు.

తాటాకు గ్రంథమును కట్టినవారు త్రాడు ముడిని విప్పుటకు వీలుగా వేసిరి. తమ తరువాత ఎవరో ఒకరు దానిని విప్పి, చదివి, చెడిన ఆకును మార్చి మరల కట్టవలసియుండునని వారెరుగుదురు. పుస్తకమునకు జిగురు పూయువారికి కూడ ఆ ఎరుకయే కావలెను. మనము బాగుచేసిన పుస్తకమును మరియొక యాబదియేండ్లకు మరియొకరు బాగుచేయుదురు. వారి చేతికి పని సుళువు చేయునదే మంచి జిగురు. మైదా, నీరు, ఒక కుంచె, కొంత ఓపిక ఉన్న ప్రతి ఇంటిలోను అది సిద్ధముగా నున్నది.